రెండు కొలతలు చెప్పే నిజం

విద్యుచ్ఛక్తి కంటికి కనిపించదు. దీపంలో వెలుగుగా, ఇస్త్రీపెట్టెలో వేడిగా, పంకాలో చలనంగా మాత్రమే దాని ఉనికిని మనం గ్రహిస్తాం. కనిపించని ఈ శక్తిని అంకెలలో పట్టుకొనేందుకు మనకున్న ముఖ్యమైన కొలతలు రెండు: ఒకటి వోల్టేజి, రెండవది కరెంటు. ఈ రెండూ తెలిస్తే నిరోధమెంతో, ఖర్చయ్యే సామర్థ్యమెంతో రెండు పంక్తులలో తేల్చవచ్చు. ఉన్నత పాఠశాల విద్యార్థికి సైతం తెలిసిన ఈ లెక్క, మన ఇళ్లను అగ్నిప్రమాదాల నుండి, మన సబ్‌స్టేషన్లను ఆకస్మిక అంతరాయాల నుండి కాపాడటంలో ఎంతగా ఉపకరిస్తుందో ఒకసారి పరిశీలిద్దాం.

సూత్రాలు పుట్టిన విధం

వోల్టేజికి, కరెంటుకు గల సంబంధాన్ని జర్మన్ శాస్త్రజ్ఞుడు జార్జ్ సైమన్ ఓమ్ 1827లో ప్రచురించిన గ్రంథంలో నిరూపించాడు. మొదట స్వదేశంలో ఆయన కృషికి తగిన ఆదరణ లభించలేదు. 1841లో లండన్‌లోని రాయల్ సొసైటీ కాప్లీ పతకంతో ఆయనను గౌరవించింది. తీగలో జనించే వేడి నిరోధాన్ని బట్టి, కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుందని ఇంగ్లండుకు చెందిన జేమ్స్ ప్రెస్కాట్ జూల్ ప్రకటించినది కూడా ఆ సంవత్సరమే.

వోల్టేజిని కరెంటుతో భాగిస్తే నిరోధం వస్తుంది. దానిని ఓమ్‌లలో చెబుతాం. వోల్టేజిని కరెంటుతో గుణిస్తే సామర్థ్యం వస్తుంది; అది వాట్లలో ఉంటుంది. ఈ రెంటినీ కలిపితే మూడవ సూత్రం లభిస్తుంది: కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణించినా సామర్థ్యమే వస్తుంది. మన ఇంజనీర్లు నిత్యం ప్రస్తావించే 'ఐ స్క్వేర్ ఆర్' నష్టం ఇదే.

గీజరు చెప్పే లెక్క

230 వోల్టుల వద్ద పనిచేసే 2000 వాట్ల గీజరును తీసుకొందాం. 2000ను 230తో భాగిస్తే అది తీసుకొనే కరెంటు 8.7 ఆంపియర్లు. దానితో 230ని భాగిస్తే హీటరు నిరోధం సుమారు 26.5 ఓమ్‌లు. ఇటువంటి ఉపకరణాన్ని 6 ఆంపియర్ల సాకెట్టుకు తగిలించరాదని, 16 ఆంపియర్ల సాకెట్టే వాడాలని చెప్పడానికి ఇంతకు మించిన నిదర్శనం అవసరం లేదు.

వోల్టేజి 180కి పడిపోయినదనుకొందాం. హీటరు నిరోధం దాదాపు మారదు కనుక కరెంటు 6.8 ఆంపియర్లకు తగ్గుతుంది. సామర్థ్యం 1225 వాట్లకు దిగుతుంది. వోల్టేజి తగ్గినది సుమారు ఐదవ వంతే అయినా, వేడి దాదాపు రెండు వంతులు తగ్గి మూడు వంతులే మిగిలింది. నీళ్లు ఆలస్యంగా కాగడానికి కారణం గీజరు లోపం కాకపోవచ్చు.

ఫ్యూజు పసిగట్టలేని శత్రువు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. సాకెట్టులో స్క్రూ వదులై, ఆ ఒక్క చోట అర ఓమ్ నిరోధం ఏర్పడినదనుకొందాం. మొత్తం నిరోధం 27 ఓమ్‌లవుతుంది. కరెంటు 8.7 నుండి 8.5 ఆంపియర్లకు స్వల్పంగా తగ్గుతుంది. వదులైన చోట కోల్పోయే వోల్టేజి నాలుగు వోల్టుల పైచిలుకు. అక్కడ పుట్టే వేడి సుమారు 36 వాట్లు. రేడియో మరమ్మతులకు వాడే 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ సీసపు పూతను కరిగించగలదు. అంతకు మించిన వేడి గోడలోని ప్లాస్టిక్ పెట్టెలో గంటల తరబడి నిలిచి ఉంటే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు.

ఈ ప్రమాదాన్ని ఫ్యూజు గానీ, ఎం.సి.బి. గానీ గుర్తించలేవు. అవి కరెంటు పరిమితి మించినప్పుడే స్పందిస్తాయి; ఇక్కడ కరెంటు పెరగలేదు సరికదా, తగ్గింది. భూమిలోకి లీకేజీ లేదు కనుక ఆర్.సి.సి.బి. సైతం మౌనంగానే ఉంటుంది. గుర్తించవలసినది మన కళ్లు, మన ముక్కే. ప్లగ్గు పిన్నులు నల్లబడటం, సాకెట్టు గోధుమరంగుకు తిరగడం, కాలిన వాసన, చిటపట శబ్దం, దీపాలు మినుకుమినుకుమనడం — వీటిలో ఏది కనిపించినా మెయిన్ స్విచ్ ఆపి నిర్వహణ సిబ్బందికి తెలియజేయాలి. కరెంటు ఉండగా సాకెట్టు విప్పి పరీక్షించే సాహసం ఎవరూ చేయరాదు.

సబ్‌స్టేషన్లోనూ అదే సూత్రం

సర్క్యూట్ బ్రేకరు కాంటాక్టులను పరీక్షించేటప్పుడు, లైను నుండి వేరుచేసిన బ్రేకరు గుండా సాధారణంగా 100 ఆంపియర్ల డి.సి. కరెంటును పంపి, కాంటాక్టుల మధ్య వోల్టేజిని కొలుస్తారు. 5 మిల్లీవోల్టులు వచ్చినదంటే నిరోధం 50 మైక్రో ఓమ్‌లన్నమాట. ఆ బ్రేకరు 2000 ఆంపియర్లు మోసినప్పుడు కాంటాక్టు వద్ద పుట్టే వేడి 200 వాట్లు. అరుగుదల వల్ల నిరోధం 250 మైక్రో ఓమ్‌లకు చేరితే వేడి 1000 వాట్లవుతుంది. పరీక్షా పుస్తకంలో పాత కొలతల పక్కన కొత్త కొలతను శ్రద్ధగా నమోదు చేసే ఉద్యోగి, రాబోయే అంతరాయాన్ని ముందుగానే చూస్తున్నాడు.

ఒక హెచ్చరిక కూడా అవసరం. ఈ లెక్క హీటర్ల వంటి ఉపకరణాలకు సూటిగా వర్తిస్తుంది. మోటార్ల విషయంలో వోల్టేజి, కరెంటుల లబ్ధాన్ని పవర్ ఫ్యాక్టరుతో కూడా గుణిస్తేనే అసలు సామర్థ్యం తెలుస్తుంది. పైగా లోడు మోస్తున్న మోటారు, వోల్టేజి తగ్గినప్పుడు ఎక్కువ కరెంటు తీసుకొంటుంది. లో వోల్టేజిలో మన రైతుల పంపుసెట్ల మోటార్లు కాలిపోవడానికి ఇది ముఖ్య కారణం.

ఈ ఆదివారం పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకొని, ఇంట్లోని ఉపకరణాల పేరుపలకలపై ఉన్న వాట్లను, వోల్టులను రాసి, ఒక్కొక్కటి ఎంత కరెంటు తీసుకొంటుందో లెక్కకట్టిద్దాం. ఏ సాకెట్టుపై ఎంత భారం మోపుతున్నామో తెలుసుకొన్న కుటుంబం, ఒకే బోర్డుకు అన్నీ తగిలించే ముందు తప్పక ఒక క్షణం ఆలోచిస్తుంది. ఆ ఒక్క క్షణమే మనకు కావలసిన భద్రత.