దిగుమతి తిండి: స్టిక్కర్ చెప్పగలిగేది, చెప్పలేనిది

పుదుచ్చేరిలో ఉంటున్న మా అక్క ఇంటికి వెళ్లినప్పటి సంగతి ఇది. సాయంత్రం బీచ్ రోడ్డు నుంచి తిరిగి వస్తూ, మేనల్లుడి కోసం వైట్ టౌన్‌లోని ఒక దుకాణంలో చాక్లెట్ బిస్కెట్ల ప్యాకెట్ కొన్నాను. ఫ్రాన్స్‌లో తయారైన సరుకు. ఇంటికొచ్చి విప్పబోతుంటే అక్క చెయ్యి పట్టుకుని ఆపింది. ఎనిమిదేళ్ల ఆ పిల్లాడికి వేరుశనగ పడదు. ఒకసారి చిన్న ముక్క తిన్నందుకే పెదవులు వాచి, ఊపిరాడక ఆసుపత్రికి పరుగెత్తాల్సి వచ్చింది. అప్పటినుంచి ఆ ఇంట్లో ఏ ప్యాకెట్ అయినా ముందు చదువుతారు, తర్వాతే విప్పుతారు.

దీని మీద ఉన్నదంతా ఫ్రెంచే. పదార్థాల జాబితాలో ఒక మాట మాత్రం మందపు అక్షరాల్లో ఉంది: ‘అరాషీద్’. ఫోన్‌లో వెతికితే అర్థం దొరికింది. వేరుశనగ!

తయారీదారు ఏమీ దాచలేదు. అలర్జీ కలిగించే పదార్థాల పేర్లు మిగతా అక్షరాల మధ్య కొట్టొచ్చినట్టు కనిపించాలన్నది యూరప్ చట్టం. ఆయన దాన్ని పాటించాడు. కానీ ఆ హెచ్చరిక మాకు అర్థమయ్యే భాషలో మా దాకా చేరలేదు. దిగుమతి ఆహారంపై మన ప్రభుత్వం పెట్టిన నియమాల అసలు ఉద్దేశం, ఇలాంటి సమాచారం దారిలో తప్పిపోకుండా చూడటమే.

ఒక్క ముక్కకే ఎందుకంత ప్రమాదం?

అలర్జీ ఉన్నవారి రోగనిరోధక వ్యవస్థ వేరుశనగలోని కొన్ని ప్రొటీన్లను శత్రువులుగా పొరబడుతుంది. వాటిని గుర్తుపట్టే ఐజీఈ ప్రతిరక్షకాలు శరీరంలో ముందే సిద్ధంగా ఉంటాయి. ప్రొటీన్ తగలగానే మాస్ట్ కణాలు హిస్టమిన్ వంటి రసాయనాలను ఒక్కసారిగా వదులుతాయి. దాంతో వాపు వస్తుంది, శ్వాసనాళాలు బిగుసుకుంటాయి, రక్తపోటు పడిపోవచ్చు. కొందరికి కొన్ని మిల్లీగ్రాముల ప్రొటీన్ చాలు. వేయించినా ఈ ప్రొటీన్లు నశించవు. కాబట్టి ఇలాంటి ఇంట్లో లేబుల్ కూడా ప్రాణరక్షణలో భాగమే.

చెన్నై రేవులో ఏం జరుగుతుంది?

యూరప్ నుంచి ఓడలో వచ్చే తిండి సరుకు చెన్నై రేవులో దిగి, అక్కడి నుంచి రోడ్డు మీద సుమారు 150 కిలోమీటర్లు ప్రయాణించి పుదుచ్చేరి చేరుతుంది. రేవులో కస్టమ్స్‌తో పాటు భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ (ఎఫ్ఎస్ఎస్ఏఐ) అనుమతి కూడా కావాలి. దీనికి ఆధారం 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం. దాని కింద 2017లో దిగుమతి నిబంధనలు, 2020లో లేబులింగ్ నిబంధనలు వచ్చాయి.

ముందు కాగితాలు చూస్తారు. తర్వాత సరుకునూ లేబుల్‌నూ కంటితో పరిశీలిస్తారు. అవసరమనుకుంటే నమూనా తీసి ప్రయోగశాలకు పంపుతారు. నమూనా అందిన అయిదు రోజుల్లో ఫలితం రావాలి. అది తప్పని దిగుమతిదారు భావిస్తే, రెండో నమూనాను రిఫరల్ ప్రయోగశాలలో పరీక్షించమని కోరవచ్చు. అన్నీ సరిపోతేనే నిరభ్యంతర పత్రం ఇస్తారు.

లేబుల్ ఇంగ్లీషులో గానీ, దేవనాగరి లిపిలో హిందీలో గానీ ఉండాలి. గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, రొయ్యలు, పీతల వంటివి, పాలు, గుడ్లు, చేపలు, వేరుశనగ, బాదం, జీడిపప్పు వంటి గింజలు, సోయా ఉంటే ఆ సంగతి విడిగా చెప్పాలి. కిలోకు 10 మిల్లీగ్రాములు, ఆపైన సల్ఫైట్లు ఉన్నా చెప్పాలి.

స్టిక్కర్‌కు గీసిన గీత

నిబంధనల్లో నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించింది ఇక్కడే. లేబుల్‌లో కొన్ని లోపాలుంటే సరుకును వెనక్కి పంపనక్కర్లేదు. కస్టమ్స్ గిడ్డంగిలోనే ఊడిరాని స్టిక్కర్ అతికించి సరిచేయవచ్చు. దిగుమతిదారు పేరు, చిరునామా, ఎఫ్ఎస్ఎస్ఏఐ ముద్ర, లైసెన్సు సంఖ్య, శాకాహార లేదా మాంసాహార గుర్తు ఇలాంటివే. ఆ స్టిక్కర్ అసలు లేబుల్ మీది వివరాలను కప్పేయకూడదు.

పదార్థాల జాబితా, తయారీ తేదీ, బ్యాచ్ సంఖ్య వంటివి లేకపోతే మాత్రం స్టిక్కర్ పనికిరాదు. ఎందుకు? సరుకును ఎవరు తెచ్చారు, ఇక్కడ ఎవరు జవాబుదారీ అన్నది దిగుమతిదారుకు తెలుసు. పిండిలో ఏం కలిపారు, ఏ రోజు కలిపారు అన్నది కర్మాగారానికే తెలుసు. ఎవరికి తెలిసిన మాట వాళ్లే చెప్పాలి. ఈ నియమం ప్రకారం మేం కొన్న లాంటి ప్యాకెట్ అమ్మకానికి గట్టెక్కకూడదు. ప్రయాణికులు సొంత వాడకానికి సామానులో తెచ్చుకునే కొద్దిపాటి తిండికి ఈ తతంగం లేదు గానీ, దాన్ని దుకాణంలో అమ్మడానికి వీల్లేదు.

తేదీ వెనక ఒక చిన్న లెక్క

సరుకు దిగేనాటికి దాని నిల్వకాలంలో కనీసం 60 శాతం, లేదా గడువుకు మూడు నెలలు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది మిగిలి ఉండాలి. నాలుగు నెలల కేకుకు 60 శాతం అంటే సుమారు 72 రోజులు. అయిదు నెలలకు 60 శాతం సరిగ్గా మూడు నెలలు. అంతకు మించి నిల్వ ఉండే ఏ సరుకుకైనా మూడు నెలలు మిగిలితే చాలు. అంటే రెండేళ్ల గడువున్న ఆలివ్ నూనె 21 నెలలు గడిచాక దిగినా నిబంధన దాటినట్టు కాదు. ‘ఇంపోర్టెడ్’ అంటే తాజా అని కాదు. తేదీ చూసుకోవాల్సింది మనమే.

లేబుల్ మాట నిజమో కాదో ప్రయోగశాల చెబుతుంది. నూనె గాలి తగిలి పాడవుతున్నప్పుడు దాని అణువుల్లోని ద్విబంధాల అమరిక మారుతుంది. మారిన అణువులు 232, 270 నానోమీటర్ల దగ్గర అతినీలలోహిత కాంతిని ఎక్కువగా పీల్చుకుంటాయి. కాంతిని పంపి ఎంత తగ్గిందో కొలిస్తే, ‘ఎక్స్‌ట్రా వర్జిన్’ అన్న మాట నిలుస్తుందో లేదో తేలుతుంది.

లేబుల్ పోయిన జాడీలు

పుదుచ్చేరికి దిగుమతి తిండి కొత్త కాదు. ఊరికి దక్షిణాన కొద్ది కిలోమీటర్ల దూరంలో, అరియాంకుప్పం నది ఒడ్డున అరికమేడు ఉంది. 1945లో మార్టిమర్ వీలర్ అక్కడ తవ్వించినప్పుడు రెండువేల ఏళ్లనాటి మధ్యధరా ప్రాంతపు ఆంఫోరా జాడీల ముక్కలు బయటపడ్డాయి. ఇటలీ నుంచి వచ్చిన ఎర్రని పళ్లేల మీద కుమ్మరుల పేర్ల ముద్రలున్నాయి. కానీ జాడీల్లో ఏం వచ్చిందో తేల్చడానికి పురావస్తు శాస్త్రవేత్తలు వాటి ఆకారాన్నీ మట్టినీ పరిశీలించాల్సి వచ్చింది. అలా తెలిసినవే ద్రాక్షసారాయి, ఆలివ్ నూనె, చేపల పులుసు. రెండువేల ఏళ్లనాటి జాడీ విషయంలో అంత పరిశోధన ముచ్చటే. ఆకలితో ఎదురుచూస్తున్న పిల్లాడి ముందు అది కుదరదు.

కొనేముందు అర నిమిషం

దిగుమతి ప్యాకెట్ చేతిలోకి తీసుకున్నప్పుడు నాలుగు సంగతులు చూడండి. పదార్థాల జాబితా ఇంగ్లీషులోనో హిందీలోనో ఉందా? అలర్జీ హెచ్చరిక ఉందా? స్టిక్కర్ ఏ తేదీనైనా, జాబితానైనా కప్పేసిందా? దిగుమతిదారు చిరునామా, 14 అంకెల లైసెన్సు సంఖ్య ఉన్నాయా? ఆ సంఖ్యను ఎఫ్ఎస్ఎస్ఏఐ వారి ‘ఫుడ్ సేఫ్టీ కనెక్ట్’ యాప్‌లో సరిచూసుకోవచ్చు. ఫిర్యాదూ అక్కడే చేయవచ్చు.

మేం ఆ ప్యాకెట్ విప్పలేదు. మర్నాడు మేనల్లుడిని వెంటబెట్టుకుని వేరే దుకాణానికి వెళ్లాను. వాడు బొమ్మ చూసి ఒక ప్యాకెట్ తీశాడు. తీసిన వెంటనే వెనక్కి తిప్పి, వేలు పెట్టి చిన్న అక్షరాలు చదవడం మొదలుపెట్టాడు.