తొట్టెలో చేపలకు తెల్లచుక్కలు

మా ముందుగదిలో కిటికీకి ఎదురుగా రెండడుగుల గాజు తొట్టె ఒకటుంది. పిల్లల సరదా కోసం కొన్నదే గాని, నాలుగేళ్ళలో అది మా అత్తగారి సొత్తయి కూర్చుంది. పొద్దున్నే కాఫీ గ్లాసు పుచ్చుకుని ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చోగానే, కళ్ళు ఉబ్బెత్తుగా ఉండే నల్ల చేప ఒకటి, అంగడివాళ్ళు బ్లాక్ మూర్ అంటారు, గాజు దగ్గరకొచ్చి మూతి ఆనించేది. "నీకంటే ఇదే ముందు పలకరిస్తుందే" అని నన్ను దెప్పేవారు. కిందటి సంక్రాంతి వెళ్ళాక ఆ చేప పోయింది. ఆయుష్షు తీరి కాదు, నా తొందరపాటు వల్ల. ఈ సంగతి రేడియోలో చెప్పాక, మోతాదులు రాసుకునేలోపు ప్రసంగం అయిపోయిందని చాలామంది అన్నారు. అంచేత ఇక్కడ కాస్త తీరికగా చెబుతాను.

సంక్రాంతి సెలవుల్లో మా చిన్నమ్మాయి రెండు ఎర్ర చేపల్ని కొనిపించుకుంది. అంగడిలో కట్టిచ్చిన సంచిలో నీళ్ళతో సహా తొట్టెలో ఒంపేశాం. వారం తిరిగేసరికి చేపల తోకల మీద, మొప్పల మీద ఎవరో బొంబాయిరవ్వ చల్లినట్టు తెల్లటి చుక్కలు. రెక్కలు ముడుచుకోవడం, ఒళ్ళు రాళ్ళకేసి రుద్దుకోవడం, మేత ముట్టకపోవడం. నీలం మందు తెచ్చి వేశాను. ఐదోనాటికి చుక్కలు లేవు. హమ్మయ్య అనుకుని మందు ఆపేశాను. మరో పది రోజులకి ఏడు చేపలకీ ఒళ్ళంతా రవ్వే! మళ్ళీ మందు తెచ్చేలోపు ఐదు పోయాయి. అత్తగారు నన్నేమీ అనలేదు గాని, "అమ్మాయ్, నువ్వు మందు వేసింది చేపలకా, నీళ్ళకా?" అని మాత్రం అడిగారు. అప్పుడు నా దగ్గర జవాబు లేదు.

జవాబు ఏమిటంటే, నీళ్ళకే. ఈ చుక్క ప్రతిదీ ఒక్క కణంతో బతికే పరాన్నజీవి. 1876లో ఫూకే అనే ఫ్రెంచి ఆయన దానికి ఇక్తియోఫ్తిరియస్ మల్టిఫిలిస్ అని పేరు పెట్టాడు. పదో తరగతితో చదువు ఆపిన నాకు ఆ పేరు నోరు తిరగడానికి వారం పట్టింది గాని, అర్థం మాత్రం మన ఇంటి మాటే: బోలెడు పిల్లలు గల చేప పేను. పేరుకి తగ్గట్టే దాని బతుకు. చేప చర్మం పైపొర కింద దూరి, అక్కడే తిని లావెక్కుతుంది. మనకి కనిపించే తెల్లచుక్క అదే. చర్మం కింద ఉన్నంతకాలం ఏ మందూ దాన్ని సరిగ్గా అందుకోలేదు. ఎదిగాక అదే ఊడి నీళ్ళలో పడి, అడుగున ఇసకకో, రాళ్ళకో, మొక్కలకో అంటుకుని చుట్టూ గూడు కట్టుకుంటుంది. ఆ గూటిలో చీలి చీలి వందలు, ఒక్కోసారి వెయ్యి దాకా పిల్లలవుతాయి. అవి బయటపడి ఈదుకుంటూ చేపను వెతుక్కుంటాయి. రెండు రోజుల లోపు చేప దొరక్కపోతే చస్తాయి. మన ఉప్పూ, మన మందూ పనిచేసేది ముఖ్యంగా ఆ ఈదే పిల్లల మీదే.

ఇప్పుడు నేను చేసిన పని చూడండి. చుక్కలు మాయమైనాయంటే రోగం తగ్గిందనుకున్నాను. అవి తగ్గలేదు, పిల్లల్ని పెట్టడానికి అడుక్కి దిగాయి. సరిగ్గా వాటిని చంపవలసిన సమయంలో మందు ఆపేశానన్నమాట. ఆడపిల్లల తల దువ్వినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. పేలు పోయినా ఈపులుంటాయని వారం తిరక్కుండా మళ్ళీ దువ్వుతామా లేదా?

వైద్యానికి ముందు రోగమేదో నిర్ధారణ చేసుకోవాలి. మగ గోల్డ్ ఫిష్‌లకు జతకట్టే కాలంలో మొప్పల మూతల మీద, ముందు రెక్కల అంచున తెల్లటి గింజల్లాంటివి వరసగా వస్తాయి. అది రోగం కాదు, పెళ్ళికళ! మా వీధిలో ఒకావిడ అది చూసి కంగారుపడి నిక్షేపంలాంటి చేపకి మందు పోయబోయింది. రోగమైతే చుక్కలు తోక మీద, వీపు మీద, ఎక్కడపడితే అక్కడ ఉంటాయి, రోజురోజుకీ పెరుగుతాయి. ఒక్కోసారి చుక్కలు కనిపించకుండా మొప్పల్లోనే ఉండి, చేప పైకొచ్చి నోరు తెరుస్తుంటుంది. ఇంకో సంగతి. 1994, 95 ప్రాంతాల్లో కోస్తా రొయ్యల చెరువుల్ని ముంచిన తెల్లమచ్చ రోగం వేరు, అది వైరస్. పేరు ఒకటే కదా అని ఆ మందులు అడగకండి.

ఇక వైద్యం. ఒక చేపకి చుక్కలున్నా తొట్టె మొత్తానికీ చెయ్యాలి. రెండడుగుల పొడుగు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టె అంటే లెక్కకి 56 లీటర్ల పైచిలుకు గాని, రాళ్ళూ పైన వెలితీ పోగా 45 లీటర్ల నీళ్ళు పడతాయనుకోండి. లీటరుకి 2 గ్రాముల చొప్పున 90 గ్రాముల కల్లుప్పు. దాన్ని మూడు భాగాలు చేసి, ఒక్కో భాగం చెంబుడు తొట్టెనీళ్ళలో బాగా కరిగించి, పూటకొకటి పొయ్యాలి. ఉప్పురాళ్ళు నేరుగా చేపల మీద పడనివ్వకండి. నీళ్ళు ఆవిరైనా ఉప్పు ఆవిరి కాదు గనక, తగ్గిన నీళ్ళు పోసేటప్పుడు ఉప్పు వెయ్యకూడదు. తీసి మార్చిన నీళ్ళకే వెయ్యాలి. పది లీటర్లు మారిస్తే 20 గ్రాములు, అంతే. లోచ్‌ల వంటి పొలుసులు లేని చేపలకీ, మీసాల చేపలకీ ఇంత ఉప్పు పడదు. సగంతో మొదలుపెట్టి చూసుకోవాలి. నీటిమొక్కలూ తట్టుకోలేవు. వాటిని తీసి చేపలు లేని బకెట్లో ఉంచండి.

రెండోది వేడి. నీళ్ళు 25 డిగ్రీల దగ్గరుంటే ఈ పురుగు చక్రం వారం లోపే తిరుగుతుంది. 15 దగ్గరైతే రెండు మూడు వారాలు. వేడి పెంచితే అది త్వరగా చేపను వదిలి, త్వరగా మన చేతికి చిక్కుతుంది. 30 దాటితే సాధారణంగా పిల్లల్ని పెట్టలేదు. మండు వేసవిలో మన తొట్టెల్లో నీళ్ళు వాటంతటవే ఆ వేడికి వస్తాయి. ఈ రోగం మనకి ఎక్కువగా ధనుర్మాసపు చలిలో, రాత్రికీ పగటికీ నీటి వేడి పడిలేచినప్పుడు రావడానికి అదీ ఒక కారణం. హీటరుంటే రోజుకి రెండు డిగ్రీలకి మించకుండా పెంచండి. గప్పీలు, మోలీలు 30 దాకా ఓర్చుకుంటాయి. గోల్డ్ ఫిష్ చలినీటి చేప, 28 దాటించకండి. వెచ్చని నీళ్ళలో గాలి తక్కువ గనక బుడగల మోటారు రాత్రింబవళ్ళు ఆడాలి. చెయ్యి ముంచే ముందు హీటరు ప్లగ్గు పీకెయ్యండి, మరిచిపోకండి సుమా.

రోజు విడిచి రోజు గొట్టంతో అడుగున ఇసక మీది చెత్తను పీల్చేస్తూ నాలుగోవంతు నీళ్ళు మార్చాలి. గూళ్ళుండేది అక్కడే కదా. పోసే నీళ్ళు తొట్టె నీళ్ళంత వేడిగా ఉండాలి. కుళాయి నీళ్ళైతే ముందు రోజే వెడల్పు బకెట్లో పట్టి ఉంచండి, క్లోరిన్ చాలావరకు పోతుంది.

అప్పటికీ తగ్గకపోతే అంగడి మందు. మాలకైట్ గ్రీన్ ఉన్నవి బాగా పనిచేస్తాయి గాని అది మంచి రసాయనం కాదు. తినే చేపలకి వాడడం నిషేధం. చేతికి తొడుగు లేకుండా ముట్టకండి, గర్భిణులు అసలు దగ్గరకు పోవద్దు, పిల్లలకి అందనివ్వకండి. మోతాదు సీసా మీద రాసిందే, మన చేతివాటం కాదు. ఫిల్టరులో బొగ్గు ఉంటే ముందే తీసెయ్యాలి, లేకపోతే మందంతా అదే తాగేస్తుంది. పసుపు కలపమని నాకూ చెప్పారు. నేను కలపలేదు, మీకూ చెప్పను.

ఎన్నాళ్ళు? చుక్కలు పోయేదాకా కాదు. ఆఖరి చుక్క మాయమైన రోజు క్యాలెండరు మీద గీత పెట్టి, అక్కణ్ణించి ఇంకో రెండు వారాలు. ఆ తరువాత నీళ్ళు మార్చుకుంటూ ఉప్పు మెల్లగా తగ్గించుకోవాలి.

మిగిలిన రెండు చేపల్నీ ఇలాగే నిలబెట్టుకున్నాం. ఇప్పుడు మా వంటింటి పక్క వసారాలో నీలం ప్లాస్టిక్ టబ్బు ఒకటుంది. దానికి వేరే వల, వేరే మగ్గు. వల వాడినప్పుడల్లా ఎండలో ఆరేస్తాను, ఎండితే గూళ్ళు బతకవు. కొత్త చేప వస్తే ముందు సంచిని అరగంట టబ్బులో తేలనిచ్చి, చేపను వలతో తీసుకుని, సంచిలో నీళ్ళు తూములో పారబోస్తాం. ఆపైన నాలుగు వారాలు అక్కడే మకాం. మొన్న అత్తగారికి మరో నల్ల చేప తెచ్చాం. ఇంకా పదకొండు రోజులుంది. ఆవిడ కాఫీ గ్లాసుతో వసారాలోకే మారారు.