పాట కోసం పరదేశం: బృందంగా వెళ్ళే ముందు ఇంట్లో తేల్చుకోవలసిన కాగితాలు, లెక్కలు

సంఘం ఆఫీసుకు వచ్చే ఫోన్లలో ఈ రెండు మూడేళ్ళుగా ఒక కొత్త రకం చేరింది. ఇదివరకు తెలుగు మీడియం బడిలో టీచరు ఖాళీ, కమ్యూనిటీ సర్టిఫికెట్టు, పెళ్ళి సంబంధం, ఇలాంటివే అడిగేవారు. ఇప్పుడు "సెక్రటరీగారూ, మా అమ్మాయి స్నేహితురాళ్ళతో కలిసి సింగపూరులో పాట కచేరీకి వెళ్తానంటోంది, పంపవచ్చునా?" అని కూడా అడుగుతున్నారు. పంపాలా వద్దా అన్నది ఆ ఇంటివాళ్ళు తేల్చుకోవలసిన సంగతి. పంపేటట్లయితే ఏ పని ముందు, ఏ పని తర్వాత, డబ్బు ఎక్కడ ఇరుక్కుంటుంది అన్నది కాగితాల సంగతి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఫైళ్ళ మధ్యనే గడిపిన గుమాస్తాను గనుక ఆ భాగం వరకు రాస్తున్నాను.

మా తరానికి ఇది వింతగానే ఉంటుంది. మనకు పాట సిలోన్ రేడియోలో ఇంటికే వచ్చేది. ఘంటసాలగారు 1971లో యూరప్, అమెరికా వెళ్ళి అక్కడి తెలుగువాళ్ళకు పాడి వచ్చారు. అంటే గాయకుడే శ్రోతల దగ్గరికి వెళ్ళాడు. ఇప్పటి పెద్ద గాయకుల పర్యటనలు అలా సాగవు. వంద లారీల సామాను, దీపాలు, వేదిక అన్నీ మోసుకుపోవాలి కాబట్టి ఒక ప్రాంతానికి ఒక్క నగరాన్ని ఎంచుకుని అక్కడే నాలుగైదు రోజులు పాడతారు. చుట్టుపక్కల దేశాలవాళ్ళు అక్కడికే రావాలి. అమెరికా గాయని టేలర్ స్విఫ్ట్ 2024 మార్చి 2, 3, 4, 7, 8, 9 తేదీలలో సింగపూరు నేషనల్ స్టేడియంలో పాడింది. ఆగ్నేయాసియా మొత్తానికి అదొక్కటే చోటు. ఆ పర్యటనలో మన దేశం అసలు లేనేలేదు. సింగపూరు ప్రభుత్వం ఆ కచేరీలను రప్పించడానికి సొంత సొమ్ము కొంత ఇచ్చిందంటే, వచ్చే జనం పెట్టే ఖర్చు ఎంత ఉంటుందో ఊహించుకోండి. ఆ ఖర్చు పెట్టేది మన పిల్లలూ, వాళ్ళ వెనుక మనమూ.

ఆ కచేరీకి మామూలు టికెట్టు 108 సింగపూరు డాలర్ల నుంచి 348 డాలర్ల దాకా ఉండింది. అప్పటి మారకంలో సుమారు 6,700 రూపాయల నుంచి 21,500 రూపాయలు. పిల్లలు ఇంట్లో మొదట చెప్పేది ఈ అంకె. నేను ఫోన్ చేసినవాళ్ళకు చెప్పేది ఒక్కటే: టికెట్టు ధర మొత్తం ఖర్చులో చిన్న ముక్క. విమానం, హోటలు, వీసా, బీమా, తిండి, ఊళ్ళో తిరుగుడు కలిపితే కథ వేరు. పైగా కచేరీ ఉన్న వారంలో ఆ ఊళ్ళో హోటళ్ళ అద్దె మామూలుగా ఉండదు. తేదీలు ప్రకటించిన రోజు నుంచే ఎక్కడం మొదలుపెడుతుంది. కాబట్టి ఒక తెల్లకాగితం మీద తలకు ఎంత అన్న లెక్క వేసి, పైన పదిహేను శాతం కలిపి, ఆ అంకె ఇంట్లో చెప్పాలి. ముందు తక్కువ చెప్పి తర్వాత తవ్వుకుంటూ పోతే రెండోసారి ఎవరూ నమ్మరు.

ఇక అసలు చిక్కు. బయటి రాష్ట్రాల తెలుగువాళ్ళకు ఇది ఆంధ్ర, తెలంగాణలలో ఉన్నవాళ్ళకంటే ఎక్కువ. అదే పేరు.

మన పద్ధతిలో ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు తర్వాత. తమిళనాడులో బడిలో చేర్చేటప్పుడు ఇంటిపేరు ఎగిరిపోయి తండ్రి పేరు మొదటి అక్షరం ఒక్కటి మిగులుతుంది. కర్ణాటకలో కొన్ని చోట్ల ఊరి పేరు అక్షరం కూడా దానికి తోడవుతుంది. షోలాపూరు వైపు మనవాళ్ళకు పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు అన్న మరాఠీ వరస అలవాటైంది. బరంపురం వైపు రావు, పాత్రో లాంటివి ఇంటిపేరు స్థానంలోకి వచ్చి, అసలు ఇంటిపేరు పెళ్ళి శుభలేఖలో మాత్రమే కనిపిస్తుంది. ఇన్ని రకాలుగా రాసిన పేర్లు పాస్‌పోర్టులో ఉండే రెండే రెండు గళ్ళలో పట్టాలి: ఒకటి ఇంటిపేరు గడి, రెండోది పెట్టిన పేరు గడి. పొడి అక్షరాలను పాస్‌పోర్టువాళ్ళు ఒప్పుకోరు, విప్పి రాయాలి. ఏం విప్పాలో ఆ పూట కౌంటరు దగ్గర నిలబడ్డవాడికి తోచినట్టు విప్పుతాడు. అందుకే ఒకే ఇంట్లో అన్నకు తండ్రి పేరు ఇంటిపేరుగా, చెల్లెలికి అసలు ఇంటిపేరు ఇంటిపేరుగా, తమ్ముడికి ఆ గడి ఖాళీగా ఉండటం నేను కళ్ళారా చూశాను.

ఆ గడి ఖాళీగా ఉంటే ఏమవుతుంది? స్వదేశంలో ఏమీ కాదు. విమానం టికెట్టు కొనే చోట మాత్రం ఇంటిపేరు రాయకుండా ముందుకు పోనివ్వదు. కొన్ని సంస్థలు ఉన్న పేరునే రెండుసార్లు రాయమంటాయి, కొన్ని వేరే పద్ధతి చెబుతాయి. ఆ సంస్థ నియమం చదివి అలాగే రాయాలి, సొంత తెలివి పనికిరాదు. ఎమిరేట్స్ దేశం 2022 నవంబరులో ఒకే పేరు ఉన్న పాస్‌పోర్టుతో సందర్శక వీసా మీద వచ్చేవారిని రానివ్వమని చెప్పింది. పాస్‌పోర్టు చివరి పుటలో తండ్రి పేరో, కుటుంబం పేరో ఉంటే చాలునని తర్వాత వివరణ ఇచ్చింది. 2025 జనవరిలో కోల్డ్‌ప్లే బృందం అబూదాబీలో నాలుగు రోజులు పాడింది. దుబాయి, అబూదాబీ దగ్గర కదా అని అటు చూసే పిల్లలు ఈ సంగతి తెలుసుకుని ఉండాలి.

2024లో మా ఊరి నుంచి తొమ్మిదిమంది పిల్లలు సింగపూరుకు బయలుదేరదామనుకుని ఏడుగురే వెళ్ళారు. ఆగిపోయిన ఇద్దరిలో ఒక అమ్మాయి పాస్‌పోర్టులో ఒక పేరు, విమానం టికెట్టులో ఆధార్‌లో ఉన్న మరో పేరు. సరిచేయడానికి ఆ ఏజెంటు అడిగిన సొమ్ము దాదాపు కొత్త టికెట్టు ధరంత. ఇంకొక అబ్బాయి పాస్‌పోర్టు గడువు నాలుగు నెలలే ఉంది. చాలా దేశాలు మనం చేరే తేదీ నుంచి ఆరు నెలలైనా గడువు ఉండాలంటాయి. ఆ రెండు పాస్‌పోర్టులూ ముందే తెరిచి చూసి ఉంటే రెండు నిమిషాల పని. ఆ అమ్మాయి అందుకోసం ఏడాదిన్నర పాటు జీతంలో దాచుకుంది. ఆ రోజు రాత్రి మిగతావాళ్ళు అక్కడి నుంచి వీడియో కాల్ చేసి కాసేపు వినిపించారట.

అందుచేత కచేరీ తేదీలు రాకముందే, ఇంకా ఊరికే మాటలు నడుస్తున్నప్పుడే, బృందంలో అందరి పాస్‌పోర్టులూ ఒక బల్ల మీద పెట్టి చూడండి. పేరులో తేడా ఉన్నా, గడువు దగ్గరపడినా రీఇష్యూకు పెట్టాలి. పెద్దవాళ్ళకు 36 పుటల పాస్‌పోర్టుకు రుసుము 1,500 రూపాయలు, తత్కాల్ అయితే ఇంకో 2,000. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లలకు తల్లిదండ్రులిద్దరి సమ్మతిపత్రం కావాలి, వాళ్ళ పాస్‌పోర్టు గడువు కూడా మామూలుగా ఐదేళ్ళకు మించదు. ఇంటిపేరు గడిలో మాత్రం మన అసలు ఇంటిపేరే రాయించండని నా సలహా. నాలుగు తరాలుగా బయటి రాష్ట్రంలో ఉండి కూడా నిలుపుకున్నది ఇప్పుడు ఒక గడి దగ్గర పోగొట్టుకోవడం ఎందుకు? అయితే మిగతా కాగితాలన్నిటిలో తండ్రి పేరే ఉంటే, అన్నిటినీ మార్చే ఓపిక ఉందో లేదో చూసుకుని మరీ దిగండి. సగం మార్చి వదిలేస్తే అసలు మార్చనిదానికంటే ఎక్కువ చిక్కు.

వీసా సంగతి దేశాన్ని బట్టి ఉంటుంది, నియమాలు తరచు మారుతుంటాయి. ఆ దేశపు రాయబార కార్యాలయం చెప్పిందే చూడాలి గానీ వాట్సాప్‌లో తిరిగేది కాదు. సింగపూరుకు మనవాళ్ళకు వీసా కావాలి. దాన్ని అధీకృత ఏజెంటు ద్వారా పెట్టుకోవాలి. రుసుము 30 సింగపూరు డాలర్లు, పైన ఏజెంటు కూలి. దిగే ముందు మూడు రోజుల లోపు నింపే అరైవల్ కార్డు ఉచితం. దానికి డబ్బు అడిగే నకిలీ సైట్లు ఉన్నాయి. యూరప్ షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అర్జీ పెట్టుకోవచ్చు, రుసుము పెద్దలకు 90 యూరోలు, కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ఎందుకు వెళ్తున్నారన్న చోట కచేరీ చూడటానికి అనే రాయండి. అందులో దాచేదేమీ లేదు. అర్జీకి ముందు వారం బ్యాంకు ఖాతాలో ఎక్కడి నుంచో తెచ్చి పెద్ద మొత్తం వేయడం మాత్రం వద్దు. ఆ కాగితాలు చూసే గుమాస్తా కంటికి మొదట తగిలేది అదే.

బృందంగా వెళ్ళినా వీసా ఎవరిది వారిదే. తొమ్మిదిమందిలో ఒకరికి తిరస్కరిస్తే రుసుము తిరిగి రాదు, మిగతావాళ్ళు ఏం చేయాలన్నది అప్పుడు మొదలయ్యే తగువు. ఆ తగువు ముందే పడండి. ఒకరికి రాకపోతే వాళ్ళ వంతు గది అద్దె ఎవరు భరిస్తారు, కచేరీ టికెట్టు ఇంకొకరికి ఇవ్వడానికి నిర్వాహకులు ఒప్పుకుంటారా, ఇద్దరికి రాకపోతే ప్రయాణమే మానుకుంటారా? ఒక పుటలో రాసి అందరూ సంతకం పెట్టండి. స్నేహితుల మధ్య సంతకాలేమిటని నవ్వుతారు. నవ్వనివ్వండి.

డబ్బు విషయంలో నా పద్ధతి ఇది. విమానం, వీసా, బీమా ఎవరిది వారే, వారి పేరు మీదే, వారి కార్డుతోనే కొనుక్కోవాలి. ఉమ్మడిగా ఉండేది గది అద్దె, అక్కడి టాక్సీ, అంతవరకే. దానికి ఒకరు లెక్క రాయాలి, ఇంకొకరు వారానికొకసారి ఆ లెక్క చూడాలి. మంచి మనిషి కదా అని ఒకరి ఖాతాలోకి అందరూ లక్షలు పంపితే, ఆ మంచి మనిషికే నష్టం. విదేశీ టూర్ ప్యాకేజీ కొన్నప్పుడు ఏజెంటు మూలంలోనే పన్ను వసూలు చేసి, కొన్నవారి పాన్ నంబరు మీద జమ చేస్తాడు. తొమ్మిదిమంది ప్యాకేజీ ఒకరి పేరు మీద కొంటే ఆ పన్ను మొత్తం ఆ ఒక్కరి పాన్ మీద పడుతుంది. మిగతా ఎనిమిదిమంది తిరిగి రాబట్టుకోలేరు.

కచేరీ టికెట్టు అమ్మకం వేరే యుద్ధం. అక్కడి సమయం చూసుకోవాలి, సింగపూరు మనకంటే రెండున్నర గంటలు ముందు. ఒక్కొక్కరికి ఇన్నే టికెట్లని పరిమితి ఉంటుంది కాబట్టి పెద్ద బృందానికి ఇద్దరు ముగ్గురు విడివిడిగా ప్రయత్నించాలి. మన బ్యాంకు కార్డులు మామూలుగా దేశంలోపలికే పనిచేసేటట్టు ఇస్తారు, విదేశీ లావాదేవీలు మనమే తెరిపించుకోవాలి. వరసలో రెండు గంటలు కూర్చుని చివర్లో కార్డు తిరస్కరిస్తే ఎవరినీ అనలేం. దొరకనివాళ్ళు సామాజిక మాధ్యమాల్లో "నా దగ్గర రెండు మిగిలాయి" అనేవారి వలలో పడతారు. ఈ మోసాల మీద సింగపూరు పోలీసులు గట్టిగానే హెచ్చరించారు. ఇప్పటి టికెట్టు కాగితం కాదు, కొన్నవారి ఫోనులో ఉండే కోడ్. దాని బొమ్మ తీసి పదిమందికి అమ్మవచ్చు, గేటు దగ్గర మొదట వచ్చినవాడు లోపలికి పోతాడు.

అన్నీ సరిగా ఉన్నా కచేరీయే రద్దు కావచ్చు. 2024 ఆగస్టు 8, 9, 10 తేదీలలో వియన్నాలో జరగవలసిన టేలర్ స్విఫ్ట్ కచేరీలు మూడూ, ఉగ్రవాద దాడి పన్నాగం బయటపడటంతో ముందురోజు రాత్రి రద్దయ్యాయి. అప్పటికే ఎక్కడెక్కడినుంచో జనం ఆ ఊరు చేరుకున్నారు. టికెట్టు డబ్బు తిరిగి ఇచ్చారు. విమానం డబ్బు ఎవరిస్తారు? విమానం ఎగిరింది కదా, ఆ సంస్థ బాధ్యత తీరిపోయింది. సెలీన్ డియాన్ జబ్బు వల్ల 2023లో మిగిలిన కచేరీలన్నీ మానుకుంది. ప్రయాణ బీమా ఉంది కదా అంటారు. మామూలు పాలసీలో మన జబ్బు, సామాను పోవడం, విమానం ఆలస్యం లాంటివి రాసి ఉంటాయి. గాయని పాడకపోవడం అందులో ఉందేమో పాలసీ పత్రంలోని చిన్న అక్షరాలు చదివి చూసుకోవాలి, చాలావాటిలో ఉండదు. అందుకే హోటలు మాత్రం రద్దు చేస్తే డబ్బు తిరిగి వచ్చే షరతు మీదే తీసుకోండి, కాస్త ఎక్కువైనా సరే. కచేరీ లేకపోయినా చూడాలనిపించే ఊరైతేనే వెళ్ళమని నేను పిల్లలకు చెబుతుంటాను.

సంచి సర్దేటప్పుడు అమ్మమ్మలకు ఒక మాట. మసాలా పొడిలో వేసే గసగసాలు సింగపూరులోనూ, ఎమిరేట్స్‌లోనూ నిషేధం. మనకు వంట దినుసు, వాళ్ళకు మత్తుపదార్థం కిందికి వస్తుంది. పొడులు కట్టి ఇచ్చేముందు అందులో ఏముందో గుర్తుచేసుకోండి. గుట్కా, ఖైనీ, ఈ-సిగరెట్టు కూడా సింగపూరులో పనికిరావు. రోజూ వేసుకునే మందులుంటే డాక్టరు చీటీతో తీసుకెళ్ళాలి. మన రూపాయలు 25,000 వరకే వెంట తీసుకెళ్ళవచ్చు.

అమ్మాయిలను పంపడానికి జంకే తల్లిదండ్రులకు నేను చెప్పగలిగింది కొంచెమే. స్టేడియం నుంచి బసకు రాత్రి ఎలా చేరతారన్నది ముందుగా అడగండి. సింగపూరు నేషనల్ స్టేడియం పక్కనే మెట్రో స్టేషను ఉంది, అన్ని ఊళ్ళలో అలా ఉండదు. యాభై వేలమంది ఒకేసారి బయటికి వస్తారు, ఫోన్లు పనిచేయవు, కాబట్టి తప్పిపోతే కలుసుకునే చోటు లోపలికి వెళ్ళకముందే అనుకోవాలి. అందరి పాస్‌పోర్టు నకళ్ళు, బీమా నంబర్లు, హోటలు చిరునామా, అక్కడి భారత రాయబార కార్యాలయం ఫోను నంబరు ఒకే కాగితం మీద రాసి ఇంట్లో ఒకరి దగ్గర ఉంచాలి.

తిరిగి వచ్చాక రసీదులు పారేయకండి. ఏజెంటు మూలంలో వసూలు చేసిన పన్ను మీ 26ఏఎస్‌లో పడిందో లేదో చూసుకుని, ఆదాయపు పన్ను రిటర్నులో చూపిస్తే కట్టవలసినదానిలో తగ్గుతుంది, ఎక్కువుంటే వెనక్కి వస్తుంది. పన్ను కట్టేంత ఆదాయం లేని పిల్లలు కూడా దీనికోసం రిటర్ను వేయాలి. ఫారం నింపడం తెలియనివాళ్ళు కాగితాలతో ఆదివారం పొద్దున సంఘం ఆఫీసుకు రావచ్చు.