లింకుల సిఫారసు

గూగుల్‌లో వెతికితే ఒక సైటు మొదట్లోనే కనబడుతుంది, ఇంకోటి ఎక్కడో అడుగున పడి ఉంటుంది. దానికి ఎన్ని సైట్లు, ఎలాంటి సైట్లు లింకు ఇచ్చాయన్నది ఇందుకు ఒక పెద్ద కారణం. 1996లో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ ఈ లెక్క మీదే పని మొదలుపెట్టారు. అన్ని లింకులకూ ఒకే విలువ ఉండదు. పదిమంది మెచ్చిన పేజీ ఇచ్చిన లింకుకు బరువెక్కువ. అదే పేజీ వందమందికి లింకులిస్తే ఆ బరువు వంద వాటాలైపోతుంది.

ఈ పద్ధతి పేటెంటు స్టాన్‌ఫర్డ్ పేరిట ఉండేది. వాడుకోనిచ్చినందుకు వచ్చిన 18 లక్షల గూగుల్ షేర్లను విశ్వవిద్యాలయం 2005లో 33.6 కోట్ల డాలర్లకు అమ్ముకుంది. చదువుల గుడికి ఇంతకంటే మంచి గురుదక్షిణ ఏముంటుంది!

ఒకప్పుడు గూగుల్‌లో 'క్లిక్ హియర్' అని కొడితే అడోబీ రీడర్ పేజీ మొదట వచ్చేది. పీడీఎఫ్ పెట్టిన లెక్కలేనన్ని సైట్లు 'రీడర్ లేకపోతే ఇక్కడ నొక్కండి' అంటూ ఆ పేజీకే దారి చూపేవి మరి. లింకు మీద రాసిన మాటలు కూడా లెక్కలోకి వస్తాయి. 2003లో కొంటె జనం దీన్ని పట్టేశారు. 'మిజరబుల్ ఫెయిల్యూర్' అనే మాటల మీద అమెరికా అధ్యక్షుడు బుష్ జీవిత విశేషాల పేజీకి లింకులు పెట్టారు. ఆ మాటలతో వెతికినవాళ్లకు ఆయనే ప్రత్యక్షం! 2007 జనవరిలో గానీ గూగుల్ ఈ ఆట కట్టించలేదు.

తెలుగు వికీపీడియా వ్యాసం కింద సొంత సైటు లింకు పెట్టి మురిసిపోకండి. అక్కడి బయటి లింకులకు 'నోఫాలో' గుర్తు ఉంటుంది. అంటే, దీన్ని సిఫారసు కింద జమకట్టొద్దని సెర్చ్ ఇంజన్లకు చెప్పడం. 2005లో వచ్చిన ఏర్పాటిది.

లింకులు కొనేవాళ్ల సంగతి? అమెరికా దుకాణాల సంస్థ జేసీపెనీకి, ఏ సంబంధమూ లేని సైట్ల నుంచి వేల లింకులున్నాయని 2011 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. శాంసోనైట్ ప్రయాణపు సంచుల వెతుకులాటలో మొదటి స్థానంలో ఉన్న ఆ దుకాణం గూగుల్ వేటుతో రెండు గంటల్లో 71కి జారింది.

మరుసటి ఏడాది గూగుల్ తన మీదే వేటు వేసుకుంది. క్రోమ్ బ్రౌజర్ ప్రచారంలో డబ్బు తీసుకుని రాసినవాళ్లలో ఒకరు నోఫాలో లేకుండా లింకు పెట్టారని తేలడంతో, క్రోమ్ పేజీ ర్యాంకును కనీసం 60 రోజుల పాటు తగ్గించింది.