రుజువు భారం ఎవరిది? - ఉద్యోగాల్లో వివక్షపై నల్లజాతి దావాలు చెప్పే పాఠం

ఉద్యోగంలో వివక్ష జరిగిందని మనవాళ్ళెవరైనా నోరు విప్పితే మొదట ఎదురయ్యే మాట ఒకటే: "రుజువేదీ?" కులం పేరు పెట్టి తిట్టారా? కాగితం మీద రాసిచ్చారా? లేదు గదా, మరి వివక్ష ఎక్కడిది? ఈ ప్రశ్న ముందు అమెరికా నల్లవాళ్ళు కూడా ఏళ్ళ తరబడి నిలబడ్డారు. అయితే వాళ్ళు కోర్టులో ఆ ప్రశ్ననే మార్చగలిగారు. ఎట్లా మార్చారో తెలుసుకోవడం మనకు అవసరమని మేము అనుకుంటున్నాం. జాతి, కులం ఒకటి కావు. అయినా మనిషిని గేటు దగ్గర ఆపే పద్ధతులు రెండుచోట్లా ఒకే రకంగా ఉంటాయి.

నార్త్ కరోలినా రాష్ట్రంలో డ్యూక్ పవర్ అనే కంపెనీకి డాన్ రివర్ విద్యుత్ కేంద్రం ఉండేది. అందులో ఐదు విభాగాలు. నల్లవాళ్ళకు ఒక్క లేబర్ విభాగంలోనే చోటు. ఆ విభాగంలో ఇచ్చే అత్యధిక జీతం, మిగతా నాలుగింటిలో ఇచ్చే అతి తక్కువ జీతం కన్నా తక్కువ. 1955లో కంపెనీ ఒక రూలు పెట్టింది. లేబర్ తప్ప వేరే విభాగంలో చేరాలంటే హైస్కూలు సర్టిఫికెట్ ఉండాలంది. ఉద్యోగాల్లో జాతి వివక్షను నిషేధించిన 1964 పౌరహక్కుల చట్టం ఏడవ అధ్యాయం 1965 జులై 2న అమల్లోకొచ్చింది. సరిగ్గా ఆ రోజునే కంపెనీ, మంచి విభాగాల్లో కొత్తగా చేరేవాళ్ళు సర్టిఫికెట్‌తో పాటు రెండు పరీక్షలు కూడా పాస్ కావాలని ఇంకో రూలు తెచ్చింది. ఒకటి తెలివితేటల పరీక్ష, రెండోది యంత్రాల గురించిన పరీక్ష. ఫలానా పని నేర్చుకునే శక్తి ఉందా లేదా అని కొలవడానికి ఆ రెండూ తయారైనవి కావు.

ఈ రూళ్ళలో 'నల్లవాళ్ళు' అన్న మాటే లేదు. అందరికీ ఒకటే రూలు, ఒకటే పరీక్ష. ఇంకేం కావాలి? కానీ లెక్క చూస్తే సంగతి బయటపడుతుంది. 1960 జనాభా లెక్కల ప్రకారం ఆ రాష్ట్రంలో హైస్కూలు పూర్తి చేసిన మగవాళ్ళు తెల్లవాళ్ళలో నూటికి 34 మంది, నల్లవాళ్ళలో నూటికి 12 మంది. నల్లపిల్లల్ని వేరే బడుల్లో, నాసిరకం చదువుకు కట్టేసింది అక్కడి వ్యవస్థే. ఆ తర్వాత ఆ చదువే లేదని పనికి పనికిరారన్నదీ అదే వ్యవస్థ. ముందు కాళ్ళు కట్టి, తర్వాత పరుగుపందెం పెట్టినట్టన్నమాట.

ఆ కేంద్రంలో ఉన్న 14 మంది నల్ల కార్మికుల్లో 13 మంది దావా వేశారు. విల్లీ గ్రిగ్స్ పేరుతో ఆ కేసు ప్రసిద్ధమైంది. కంపెనీకి దురుద్దేశం ఉన్నట్టు కనబడలేదని అప్పీలు కోర్టు అంది. 1971 మార్చి 8న సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ వాదాన్ని పక్కన పెట్టింది. యజమాని మనసులో ఏముందన్నది కాదు, రూలు ఏం చేస్తోందన్నది చూడాలంది. ఒక రూలు నల్లవాళ్ళను ఎక్కువగా బయటికి నెడుతుంటే, ఆ రూలు ఆ పనికి నిజంగా అవసరమని చూపాల్సింది యజమానే. సర్టిఫికెట్ లేకుండా ఎప్పుడో చేరిన తెల్లవాళ్ళు అక్కడే పని బాగా చేస్తూ ప్రమోషన్లు కూడా పొందుతున్నారు. మరి సర్టిఫికెట్ అవసరం ఎక్కడుంది?

ఇది మొదటి రకం దావా. రెండో రకం, ఒక మనిషికి కావాలనే అన్యాయం చేశారనేది. దీనికి దారి 1973లో పెర్సీ గ్రీన్ వేసిన మెక్‌డొనెల్ డగ్లస్ కేసులో పడింది. దరఖాస్తు పెట్టిన నల్లమనిషి తనకు అర్హత ఉందని, అయినా కాదన్నారని, ఆ తర్వాత కూడా అదే అర్హత ఉన్నవాళ్ళ కోసం వెతికారని చూపితే చాలు. అప్పుడు కారణం చెప్పాల్సింది యజమాని. ఆ కారణం వట్టి సాకు అని తేల్చాల్సింది మళ్ళీ దావాదారు. చివరి రుజువు భారం అతని మీదే ఉంటుంది. చెప్పుకోవాల్సిన సంగతి ఇంకొకటుంది. కేసు కిందికి తిరిగొచ్చాక గ్రీన్ ఓడిపోయాడు. దారి అతనిది, ఉద్యోగం మాత్రం అతనికి దక్కలేదు.

గెలిచింది గెలిచినట్టే నిలబడదు కూడా. 1989లో వార్డ్స్ కోవ్ కేసులో సుప్రీంకోర్టు గ్రిగ్స్ తీర్పుకు కోత పెట్టింది. 1991లో చట్టం చేసి దాన్ని నిలబెట్టుకోవాల్సొచ్చింది. 2025 ఏప్రిల్‌లో, ఫలితాన్ని బట్టి వివక్షను తేల్చే ఈ పద్ధతిని ప్రభుత్వ శాఖలు వెనక్కి నెట్టాలని అధ్యక్షుడు ఉత్తర్వు ఇచ్చాడు. ఆ ఉత్తర్వు పేరులోనే 'మెరిట్' మాట ఉంది. ఆ మాట మనకూ బాగా తెలిసిందే.

ఇక మన సంగతి. రాజ్యాంగం 16వ అధికరణ ప్రభుత్వోద్యోగాల్లో కుల వివక్షను నిషేధిస్తుంది. ప్రైవేటు కంపెనీకి అది వర్తించదు. నియామకాల్లో వివక్షపై అమెరికా ఏడవ అధ్యాయం లాంటి సమగ్ర చట్టం మనకు లేదు. వివక్ష లేదా అంటే ఉంది. 2007లో సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ ఒక పరిశోధన ప్రచురించారు. పత్రికా ప్రకటనలు చూసి ప్రైవేటు కంపెనీలకు 4,808 దరఖాస్తులు పంపారు. అర్హతలు సమానం, తేడా పేర్లలోనే. అగ్రకుల హిందువు పేరుతో పోలిస్తే దళితుడి పేరుకు పిలుపు వచ్చే అవకాశం మూడింట రెండు వంతులేనని తేలింది. ఇంటర్వ్యూ దాకా కూడా పోలేదు, పేరు దగ్గరే ఆగిపోయింది.

ప్రమోషన్ల దగ్గర విషయం తలకిందులైంది. ప్రమోషన్లలో రిజర్వేషన్‌కు 1995లో 77వ సవరణ వీలు కల్పించింది. 2006లో నాగరాజ్ తీర్పు దానికి షరతులు పెట్టింది. 2018లో జర్నైల్ సింగ్ తీర్పు వెనుకబాటుకు లెక్క అడగక్కర్లేదంది గాని, పై హోదాల్లో ప్రాతినిధ్యం చాలడం లేదని లెక్కలతో చూపాల్సిన షరతు మిగిలింది. అక్కడ గ్రిగ్స్ తర్వాత లెక్కలు యజమానిని నిలదీశాయి. ఇక్కడ లెక్కలు లేవంటే దళిత ఉద్యోగి ప్రమోషనే ఆగిపోతుంది. వంద మంది గాని అంతకు మించి గాని ఉద్యోగులున్న ప్రైవేటు యజమాని అక్కడ ఏ జాతివాళ్ళు ఏ హోదాలో ఉన్నారో ప్రభుత్వానికి ఏటా లెక్క చెప్పాలి. ఇక్కడ ప్రైవేటు యజమానిని కులం లెక్క చెప్పమని అడిగే చట్టం లేదు.

కనుక మేము చెప్పేదిది. నియామకాల్లో వివక్షపై చట్టం కావాలి. అందులో రుజువు భారం కొంతైనా యజమాని మీద ఉండాలి, కులాలవారీ లెక్కలు బయటపెట్టడం తప్పనిసరి కావాలి. చట్టం వచ్చేదాకా మన చేతిలో ఉన్నవి కాగితాలే. ఉద్యోగ ప్రకటన, దరఖాస్తు నకలు, ఇంటర్వ్యూ తేదీ, ఎంపికైన మనిషి అర్హత, ఇవి దాచుకోవాలి. ప్రభుత్వోద్యోగికి వార్షిక రహస్య నివేదికలోని ప్రతి అంచనానూ తెలియజేయాలని 2008లో దేవ్ దత్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దాన్ని అడిగి తీసుకోవాలి. "రుజువేదీ" అని అడిగినవాణ్ణి మనం కూడా తిరిగి ఒక మాట అడగాలి: నీ మెరిట్ ఏ పనిని కొలుస్తోంది? దానికి రుజువేదీ?