1932 ఫోర్డ్ హాట్ రాడ్: పవర్ పెంచా, బ్రేకులు మర్చిపోయా!

ఎప్పుడూ ఫోన్ల గురించి రాసే నేను ఈసారి కారు గురించి రాస్తున్నా. కాలిఫోర్నియాలో మా పక్కింటి పెద్దాయనతో కలిసి రెండేళ్ల వీకెండ్లు ఖర్చుపెట్టి ఓ 1932 ఫోర్డ్ రోడ్‌స్టర్‌ని హాట్ రాడ్‌గా మార్చాం. ఫెండర్లు పీకేశాం. ఫ్లాట్‌హెడ్ వీ8 కొత్తలో 65 హార్స్‌పవరే. రెండు కార్బురేటర్లు పెట్టి పెంచాం. ఎగ్జాస్ట్ దారులు ఇంజిన్ బ్లాక్ లోపలి నుంచే పోతాయి కదా, గేమింగ్ ఫోన్‌లా వేడెక్కిపోతుంది.

బ్రేకులు మాత్రం ఒరిజినల్‌వే ఉండాలని నేనే పట్టుబట్టా. రాడ్లతో లాగే మెకానికల్ రకం. పెద్దాయన వద్దంటూనే ఉన్నారు. మొదటి రోజే సిగ్నల్ దగ్గర పెడల్ ఎంత తొక్కినా బండి జీబ్రా లైన్లు దాటాకే ఆగింది. అదృష్టం కొద్దీ ఎవరూ రోడ్డు దాటడం లేదు.

ఫోర్డ్ 1939లో హైడ్రాలిక్ బ్రేకులకి మారింది. మేమూ ఆ సెట్టే వెతికి బిగించాం. ఇప్పుడు 60 మైళ్ల స్పీడులోనూ కాలు వణకట్లేదు. ఆ పాత రాడ్లని పెద్దాయన గ్యారేజీ గోడకి తగిలించారు, సరిగ్గా నాకు కనబడే చోట.