కార్న్‌వాల్ తీరబాటపై ఒక రోజు

ఇంగ్లండ్ నైరుతి తీరం వెంబడి మైన్‌హెడ్ నుంచి పూల్ రేవు దాకా సుమారు 1,014 కిలోమీటర్లు సాగే నైరుతి తీరమార్గం, దొంగసరుకు దించే పడవలను పట్టుకోవడానికి ప్రతి చిన్న అఖాతంలోకీ తొంగిచూస్తూ గస్తీ తిరిగిన తీరరక్షకుల కాలిబాటల నుంచి రూపొందింది కాబట్టే, దగ్గరిదారి వెతకకుండా కొండచరియల అంచునే పట్టుకొని పదేపదే ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. ఒక రోజు నడకకు పెండీన్ దీపస్తంభం నుంచి సెన్నెన్ కోవ్ వరకు ఉన్న సుమారు 15 కిలోమీటర్ల భాగాన్ని మించినది ఈ మార్గంలో అరుదు. ఓక్ కాయ గుర్తున్న దారిసూచికల వెంట సాగే బాటసారికి మొదట లెవంట్, ఆ తరువాత బొటాలక్ గనుల శిథిలాలు ఎదురవుతాయి. తగరం, రాగి కోసం సముద్రం అడుగుకు తవ్విన సొరంగాల నుంచి నీటిని తోడే ఆవిరి యంత్రాలు ఉండిన రాతికట్టడాలు, అంటే యంత్రగృహాలు, అలలకు ఎదురుగా చరియలపై నేటికీ నిలిచి ఉన్నాయి. లెవంట్‌లో కార్మికులను గనిలోకి దించి పైకి చేర్చే యంత్రనిచ్చెన, అనగా మెట్లు అమర్చి పైకీ కిందికీ కదిలించే పొడవాటి దూలం, 1919లో విరిగిపోగా 31 మంది మరణించారు; ఆ చోట కాసేపైనా ఆగకుండా సాగిపోవడం ఆ కష్టజీవుల స్మృతికి న్యాయం కాదు. ఈ గనుల ప్రాంతాన్ని యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ స్థలంలో భాగంగా గుర్తించింది. కేప్ కార్న్‌వాల్ దాటాక బాట బండల మధ్య కరుకుగా మారుతుంది కనుక, వెలుగుండగానే గమ్యం చేరేలా ఉదయాన్నే, గాలి తీరునూ పొగమంచునూ ముందుగా విచారించుకొని బయలుదేరడం మంచిది.